కింది మెట్టు మీద ఒక సంవత్సరం

పడి లేచిన జట్లు: 9వ భాగం

గత సంచికలో మనం 1974 ఏప్రిల్ 27 సాయంత్రం దగ్గర ఆగాం. మాంచెస్టర్‌లోని ఓల్డ్ ట్రాఫర్డ్ మైదానం. పదకొండేళ్లు మాంచెస్టర్ యునైటెడ్ ఎర్రచొక్కా తొడిగిన డెనిస్ లా ఆరోజు ఊళ్లోని ఎదుటి జట్టు, మాంచెస్టర్ సిటీ తరఫున ఆడుతున్నాడు. ఆట చివరికొచ్చిన వేళ గోల్‌కు వీపు పెట్టి నిలబడి, తన దగ్గరికొచ్చిన బంతిని మడమతో వెనక్కి తట్టాడు. అది వెళ్లి వలలో పడింది. సహచరులు పరిగెత్తుకొచ్చి వీపు తడుతున్నా లా మొహంలో చిరునవ్వు లేదు. తల వంచుకుని మైదానం బయటికి నడిచాడు. ఆ వెంటనే అభిమానులు మైదానంలోకి దూసుకొచ్చారు. ఆట పూర్తికాకుండానే ఆపేశారు. 1-0 ఫలితమే నిలిచింది.

ఆ మడమ దెబ్బే యునైటెడ్‌ను కింది డివిజన్‌కు తోసిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. నిజం అది కాదు. అదే సమయంలో మరోచోట బర్మింగ్‌హామ్ సిటీ గెలిచింది కాబట్టి, లా ఆ బంతిని తాకకపోయినా యునైటెడ్ దిగిపోయేదే. అయినా మనుషులకు గుర్తుండేది పాయింట్ల పట్టిక కాదు, వంగిన ఆ తలే. 1938 నుంచి మొదటి డివిజన్‌లో ఉన్న జట్టు, 1958 మ్యూనిక్ విమాన ప్రమాదంలో ఎనిమిది మంది ఆటగాళ్లను పోగొట్టుకుని కూడా నిలబడిన జట్టు, 1968లో యూరోపియన్ కప్ ఎత్తిన జట్టు, ఆ కప్పు ఎత్తిన ఆరేళ్లకే రెండో డివిజన్‌కు పడిపోయింది.

ఈ భాగం ఆ తర్వాతి ఏడాది గురించి. ఇది ఒక్క యునైటెడ్ కథగానే మిగిలితే ఇంత చోటు ఇవ్వనక్కర్లేదు. 1974-75లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌కు గుండెకాయ రెండో డివిజన్‌లోనే కొట్టుకుంది. ఎలాగో చూద్దాం.

22 జట్లు, 42 మ్యాచ్‌ల కష్టం

ముందు ఆ పోటీ లెక్క తెలియాలి. రెండో డివిజన్‌లో 22 జట్లు. ప్రతి జట్టూ మిగతా 21 జట్లతో సొంతూళ్లో ఒకసారి, వాళ్లూళ్లో ఒకసారి ఆడాలి. మొత్తం 42 మ్యాచ్‌లు. గెలిస్తే 2 పాయింట్లు, డ్రా అయితే 1. గెలుపుకు 3 పాయింట్లు ఇచ్చే పద్ధతి ఇంగ్లండ్‌లో ఇంకా రాలేదు. ఆగస్టు ఎండలో మొదలైన ఆట చలికాలపు బురద దాటి ఏప్రిల్ చివరికి తేలుతుంది.

పైకెక్కే జట్లు మూడు, పై నుంచి దిగే జట్లు మూడు. అంతకుముందు ఈ రాకపోకలు రెండేసి జట్లకే ఉండేవి. 1973-74లోనే మూడుకు పెంచారు. ఆ మార్పుకు మొదట బలైంది సౌతాంప్టన్. కింది నుంచి మూడో స్థానంలో నిలిచినా ఆ ఏడాది దిగిపోక తప్పలేదు. యునైటెడ్, సౌతాంప్టన్, నారిచ్ సిటీ మూడూ కలిసే రెండో డివిజన్‌కు వచ్చాయి.

అక్కడ వీళ్లకు ఎదురైన జట్లు తక్కువవేమీ కావు. ఆస్టన్ విల్లా 1874లో పుట్టిన పాతకాపు. ఒక దశలో మూడో డివిజన్‌కు కూడా పడిపోయి, 1972లో అక్కడి నుంచి పైకొచ్చి శ్వాస తీసుకుంటోంది. సండర్లాండ్ రెండో డివిజన్‌లో ఉంటూనే 1973లో ఎఫ్ఏ కప్ గెలిచింది. ఫుల్హమ్‌లో ఇంగ్లండ్‌కు 1966 ప్రపంచ కప్ అందించిన కెప్టెన్ బాబీ మూర్ ఆడుతున్నాడు. నాటింగ్‌హామ్ ఫారెస్ట్ అప్పటికి ఎవరి దృష్టిలోనూ లేదు.

డాకర్టీకి మిగిలినదేమిటి?

జట్టు దిగిపోయినా మేనేజర్ టామీ డాకర్టీని యునైటెడ్ తీసేయలేదు. ఆయన చేతిలో పాత వైభవం ఏమీ మిగల్లేదు. బాబీ చార్ల్‌టన్ 1973లో వీడ్కోలు చెప్పాడు. లా సిటీకి వెళ్లిపోయాడు. జార్జ్ బెస్ట్ యునైటెడ్ తరఫున చివరిసారి ఆడింది 1974 జనవరి 1న. యూరప్‌ను గెలిచిన ఆ ముగ్గురూ లేని జట్టు అది.

మిగిలినవాళ్లలో గోల్‌కీపర్ అలెక్స్ స్టెప్నీ 1968 ఫైనల్ ఆడినవాడు. మార్టిన్ బకన్ నెమ్మదైన మనిషి, నమ్మదగిన డిఫెండర్. పక్కన కొండలాంటి జిమ్ హోల్టన్. ముందు వరసలో లూ మకారీ, సామీ మెకిల్‌రాయ్, జెరీ డేలీ. వీళ్లకు తోడు హల్ సిటీ నుంచి ఫార్వర్డ్ స్టువర్ట్ పియర్సన్‌ను డాకర్టీ తెచ్చుకున్నాడు. పడిపోయిన జట్టు గోడ కట్టుకుని జాగ్రత్తగా ఆడుతుందని అంతా అనుకున్నారు. డాకర్టీ మాత్రం ముందుకే ఆడించాడు.

1974 ఆగస్టు 17న లండన్‌లో ఓరియెంట్‌పై 2-0 గెలుపుతో సీజన్ మొదలైంది. వారం తర్వాత ఓల్డ్ ట్రాఫర్డ్‌లో మిల్‌వాల్‌పై 4-0. అందులో మూడు గోల్స్ డేలీవే. తొలి తొమ్మిది మ్యాచ్‌ల్లో ఓటమి లేదు. సెప్టెంబర్ 28న నారిచ్ వాళ్లూళ్లో 2-0తో ఆ పరుగుకు అడ్డుకట్ట వేసింది.

ఇక్కడ ఆగి చూడాల్సింది స్టాండ్‌ల వైపు. జట్టు దిగిపోతే జనం పలచబడతారన్నది ఆటల లోకంలో అందరూ నమ్మే మాట. ఓల్డ్ ట్రాఫర్డ్‌లో అది తలకిందులైంది. ఆ సీజన్‌లో అక్కడ మ్యాచ్‌కు సగటున 48 వేల మందికి పైగా వచ్చారు. మొదటి డివిజన్‌లోని ఏ క్లబ్‌కూ అంత సగటు లేదు. దేశంలో అత్యధికంగా జనం చూసిన జట్టు రెండో డివిజన్ జట్టే. పరాయి ఊళ్లకూ వాళ్లు వేలల్లో వెళ్లారు. సాధారణంగా సగం ఖాళీగా ఉండే చిన్న మైదానాలు యునైటెడ్ వచ్చిన రోజు కిక్కిరిసిపోయేవి.

అదే శనివారం, మరో ఊళ్లో

ఆ జనంలో మరో పార్శ్వమూ ఉంది. దాన్ని దాచి ఈ కథ చెప్పకూడదు.

యునైటెడ్ మిల్‌వాల్‌ను ఓడించిన ఆగస్టు 24నే, సముద్రతీరపు ఊరు బ్లాక్‌పూల్‌లో రెండో డివిజన్ మ్యాచ్ మరొకటి జరిగింది. బ్లాక్‌పూల్, బోల్టన్ ఆడాయి. ఆ మైదానంలో ఒక టీనేజీ అభిమాని కత్తిపోట్లకు చనిపోయాడు. ఆట చూద్దామని ఇంటి నుంచి వెళ్లిన కుర్రాడు తిరిగి రాలేదు. మరో వారానికి కార్డిఫ్‌లో, యునైటెడ్ ఆడిన మ్యాచ్ చుట్టూ రెండు వైపుల అభిమానులూ కొట్టుకున్నారు. ‘రెడ్ ఆర్మీ’ అని తమను తాము పిలుచుకున్న యునైటెడ్ కుర్రకారు వస్తున్నారంటే దుకాణాలు తలుపులు వేసుకునే పరిస్థితి కొన్ని ఊళ్లలో వచ్చింది.

ఎదుటి జట్టు అభిమానులను వేరే స్టాండ్‌లో నిలబెట్టడం, మధ్యలో పోలీసులను వరసగా నిలపడం, స్టాండ్‌కూ మైదానానికీ నడుమ ఇనుప కంచె లేపడం ఆ రోజుల్లోనే ఊపందుకున్నాయి. మొదట కంచె కట్టిన మైదానాల్లో ఓల్డ్ ట్రాఫర్డ్ ఒకటి. ఈ కంచె మాట గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ దాని దగ్గరికి రావాలి.

మూడు మ్యాచ్‌లు

అక్టోబర్ 9న లీగ్ కప్‌లో మాంచెస్టర్ సిటీ మళ్లీ ఓల్డ్ ట్రాఫర్డ్‌కు వచ్చింది. లా మడమ దెబ్బకు ఆరు నెలలు కూడా నిండలేదు. ఈసారి డేలీ పెనాల్టీతో యునైటెడ్ 1-0తో గెలిచింది. కింది డివిజన్ జట్టు ఊళ్లోని పై డివిజన్ జట్టును ఓడించింది. పోయిన పరువు మొత్తం తిరిగి రాలేదు కానీ, ఆ రాత్రి మాంచెస్టర్‌లో సగం ఊరు తలెత్తుకుని ఇంటికి నడిచింది.

నవంబర్ 30న సండర్లాండ్ వచ్చింది. పట్టికలో పై వరసలో ఉన్న రెండు జట్లు. ఆరోజు ఓల్డ్ ట్రాఫర్డ్‌లోకి వచ్చినవాళ్లు 60,585 మంది. పియర్సన్ గోల్‌తో యునైటెడ్ ముందుకెళ్లింది. సండర్లాండ్ ఆటగాడు బిల్లీ హ్యూస్ రెండు గోల్స్ కొట్టి లెక్క తిప్పేశాడు. విల్లీ మోర్గన్ సమం చేశాడు, మెకిల్‌రాయ్ గెలిపించాడు. 3-2. రెండో డివిజన్ అంటే మొరటు తన్నులాట అనుకునేవాళ్లకు ఆ మధ్యాహ్నమే సమాధానం.

వారం తిరిగేసరికి డిసెంబర్ 7. షెఫీల్డ్ నగరంలో హిల్స్‌బరో మైదానం. షెఫీల్డ్ వెన్స్‌డే జట్టు పట్టిక అడుగున కొట్టుమిట్టాడుతోంది. అయినా సగం ఆటకు 3-1తో ముందుంది. దెబ్బ మీద దెబ్బగా యునైటెడ్‌కు హోల్టన్ కాలు విరిగింది. అతణ్ని స్ట్రెచర్ మీద మోసుకెళ్లారు. అలాంటి మ్యాచ్ 4-4తో ముగిసింది. వెన్స్‌డే ఆ సీజన్ మొత్తంలో 42 మ్యాచ్‌ల్లో కొట్టిన గోల్స్ 29. అందులో నాలుగు ఆ ఒక్క మధ్యాహ్నమే. మునిగిపోతున్న జట్టు ఒడ్డును పట్టుకోవడానికి చేసిన చివరి పెద్ద ప్రయత్నం అది. ఆ ఏడాది అయిదు మ్యాచ్‌లే గెలిచి, 21 పాయింట్లతో అట్టడుగున నిలిచి మూడో డివిజన్‌కు వెళ్లిపోయింది. ఒకనాడు ఇంగ్లండ్ ఛాంపియన్ అయిన క్లబ్ అది.

జనవరిలో ఇద్దరు

కొత్త సంవత్సరం యునైటెడ్‌కు చేదుగా మొదలైంది. ఎఫ్ఏ కప్‌లో మూడో డివిజన్ జట్టు వాల్సాల్ చేతిలో, రెండోసారి ఆడిన మ్యాచ్‌లో 3-2తో ఓడింది. లీగ్ కప్ సెమీఫైనల్‌లో నారిచ్‌తో ఓల్డ్ ట్రాఫర్డ్‌లో 2-2, నారిచ్‌లో 0-1. నారిచ్ మేనేజర్ జాన్ బాండ్ తీర్చిదిద్దిన జట్టు ఫైనల్ జరిగే వెంబ్లీకి వెళ్లింది.

ఆ సెమీఫైనల్స్ వరస చూడండి. ఒకవైపు యునైటెడ్, నారిచ్. మరోవైపు విల్లా, చెస్టర్. మొదటి మూడూ రెండో డివిజన్‌వి. చెస్టర్ నాలుగో డివిజన్ జట్టు, దేశ ఛాంపియన్ లీడ్స్‌ను 3-0తో ఇంటికి పంపి అక్కడిదాకా వచ్చింది. చివరి నాలుగు జట్లలో మొదటి డివిజన్ జట్టు ఒక్కటీ లేదు.

అదే నెల 6వ తేదీన నాటింగ్‌హామ్ ఫారెస్ట్ మేనేజర్‌గా బ్రయాన్ క్లఫ్ చేరాడు. డార్బీ కౌంటీని రెండో డివిజన్ నుంచి తెచ్చి 1972లో ఇంగ్లండ్ ఛాంపియన్‌గా నిలబెట్టినవాడు. 1974లో లీడ్స్‌కు వెళ్లి 44 రోజులకే ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఫారెస్ట్ అతనికి ఇచ్చింది సింహాసనం కాదు, బాగుచేయాల్సిన పాత ఇల్లు. ఆ సీజన్‌లో ఫారెస్ట్ 16వ స్థానంలో ముగించింది. ఎఫ్ఏ కప్‌లో ఫుల్హమ్‌తో నాలుగుసార్లు ఆడితే గానీ ఫలితం తేలలేదు. చివరికి ఓడిపోయింది కూడా. ఆ జనవరిలో ఫారెస్ట్ మీద ఎవరూ ఆశ పెట్టుకోలేదు.

మార్చి 1

1975 మార్చి 1, శనివారం. వెంబ్లీలో లీగ్ కప్ ఫైనల్. ఆస్టన్ విల్లా, నారిచ్ సిటీ. దేశపు పెద్ద కప్పుల్లో ఒకదానికి రెండో డివిజన్ జట్లే రెండూ తలపడ్డాయి. చూసినవాళ్లు 95 వేలకు పైనే.

విల్లా మేనేజర్ రాన్ సాండర్స్‌కు ఆ మైదానం పాత గాయం. 1973 ఫైనల్‌లో నారిచ్ మేనేజర్‌గా ఓడాడు. 1974 ఫైనల్‌లో మాంచెస్టర్ సిటీ మేనేజర్‌గా ఓడాడు. మూడో ఏడాది మూడో జట్టుతో మళ్లీ వచ్చాడు, ఎదురుగా తన పాత జట్టే. ఆట చివరి భాగంలో విల్లా ఆటగాడు తలతో కొట్టిన బంతిని నారిచ్ డిఫెండర్ గోల్ గీత దగ్గర చేత్తో ఆపాడు. పెనాల్టీ. రే గ్రేడన్ తన్నాడు. నారిచ్ గోల్‌కీపర్ కెవిన్ కీలన్ పక్కకు దూకి దాన్ని వేళ్లతో పోస్టుకు మళ్లించాడు. బంతి తిరిగి గ్రేడన్ కాళ్ల దగ్గరికే వచ్చింది. ఈసారి కీలన్ చేతికి అందలేదు. విల్లా 1-0.

ఆ కీలన్ పుట్టింది కలకత్తాలో, 1941లో. మన గడ్డ మీద కళ్లు తెరిచినవాడు వెంబ్లీలో ఒక పెనాల్టీని ఆపి, అర క్షణంలో తిరిగొచ్చిన బంతికి ఓడిపోయాడు. గెలిచిన జట్టు గోల్ కన్నా ఓడిన కీపర్ దూకిన తీరే ఎక్కువ గుర్తుండే ఫైనల్స్ కొన్ని ఉంటాయి. అది అలాంటిది.

అదే రోజు ఓల్డ్ ట్రాఫర్డ్‌లో యునైటెడ్ కార్డిఫ్‌ను 4-0తో ఓడించింది. మధ్యలో మోర్గన్ స్థానంలో ఒక బక్కపల్చని కుర్రాడు దిగాడు. పేరు స్టీవ్ కాపెల్. ట్రాన్మియర్ రోవర్స్ నుంచి కొద్దిరోజుల కిందటే వచ్చాడు. లివర్‌పూల్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ ఫుట్‌బాల్ ఆడుతున్న విద్యార్థి. చదువు వదిలేయమని యునైటెడ్ అడగలేదు. కుడి అంచు వెంట అతని పరుగు ఆ తర్వాత ఎన్నో ఏళ్లు ఆ మైదానానికి అలవాటైంది. నలభై ఏళ్ల తర్వాత ఆ కాపెలే కేరళ బ్లాస్టర్స్ శిక్షకుడిగా కొచ్చికి వచ్చి, 2016లో ఆ జట్టును ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్ దాకా నడిపించాడు. తర్వాత జంషెడ్‌పూర్‌లోనూ పనిచేశాడు.

ఏప్రిల్, మే

ఫిబ్రవరిలో విల్లా తన మైదానంలో యునైటెడ్‌ను 2-0తో ఓడించి పోటీని రక్తి కట్టించింది. యునైటెడ్ తడబడినా ఆగలేదు. ఏప్రిల్ 5న సౌతాంప్టన్‌లో మకారీ కొట్టిన ఒకే ఒక్క గోల్‌తో గెలిచి మొదటి డివిజన్‌కు టికెట్ ఖాయం చేసుకుంది. ఏప్రిల్ 19న నాట్స్ కౌంటీతో 2-2 డ్రా, దాంతో టైటిల్. ఏప్రిల్ 26న సొంత మైదానంలో బ్లాక్‌పూల్‌పై 4-0. అదే మైదానంలో ఏడాది కిందట దాదాపు ఇదే తేదీకి కన్నీళ్లతో గడ్డి మీదకు దూసుకొచ్చిన జనం, ఈసారి కప్పును చూశారు.

తుది లెక్క ఇది. యునైటెడ్ 61 పాయింట్లు, విల్లా 58, నారిచ్ 53. ఈ మూడూ పైకెక్కాయి. సండర్లాండ్ 51తో నాలుగో స్థానంలో ఆగిపోయింది. కిందటేడు కలిసి పడ్డ మూడు జట్లలో రెండు ఏడాదికే తిరిగి లేచాయి. మిల్‌వాల్, కార్డిఫ్, షెఫీల్డ్ వెన్స్‌డే దిగిపోయాయి.

అంతా అయిపోయిందనుకున్నాక మే 3న రెండో డివిజన్ మరోసారి వెంబ్లీలో అడుగుపెట్టింది. పట్టికలో తొమ్మిదో స్థానంలో ఉన్న ఫుల్హమ్ ఎఫ్ఏ కప్ ఫైనల్‌కు వచ్చింది. అక్కడిదాకా రావడానికి ఆ జట్టు ఆడినవి 11 కప్ మ్యాచ్‌లు. ఎదురుగా వెస్ట్ హామ్, బాబీ మూర్ యౌవనమంతా ధారపోసిన జట్టు. ఫుల్హమ్ 0-2తో ఓడింది. రెండు కప్ ఫైనల్స్‌లోని నాలుగు స్థానాల్లో మూడు రెండో డివిజన్‌కే దక్కాయి.

ఆ ఏడాది మిగిల్చినవి

తర్వాతి ఏళ్లు ఈ సీజన్‌ను ఇంకా పెద్దది చేశాయి. పదహారో స్థానంలో ముగించిన క్లఫ్ జట్టు 1977లో పైకెక్కింది, 1978లో ఇంగ్లండ్ ఛాంపియన్ అయింది, 1979, 1980లలో వరసగా యూరోపియన్ కప్ గెలిచింది. విల్లా 1981లో సాండర్స్ చేతుల మీదుగా ఛాంపియన్ అయి, 1982లో యూరోపియన్ కప్ ఎత్తింది. 1974-75లో రెండో డివిజన్‌లో ఆడిన రెండు జట్లు పదేళ్లు గడవకముందే యూరప్‌ను మూడుసార్లు గెలిచాయి. మూడేసి జట్లు ఎక్కి దిగే నియమానికి విలువ ఇక్కడే కనిపిస్తుంది. 1977లో ఫారెస్ట్ పైకెక్కింది మూడో స్థానంతో. పాత రెండు జట్ల నియమమే ఉండి ఉంటే ఆ తలుపు తెరుచుకునేదే కాదు.

ఇక కంచె దగ్గరికి వద్దాం. ఆ దశాబ్దం గడిచేసరికి ఇంగ్లండ్ పెద్ద మైదానాలు చాలావాటిలో ఇనుప కంచెలు నిలిచాయి. స్టాండ్‌లను గదులు గదులుగా విడగొట్టారు. 4-4 మ్యాచ్ జరిగిన హిల్స్‌బరోలోనూ కట్టారు. 1989 ఏప్రిల్ 15న అక్కడే ఎఫ్ఏ కప్ సెమీఫైనల్, లివర్‌పూల్‌కూ క్లఫ్ మేనేజర్‌గా ఉన్న ఫారెస్ట్‌కూ. నిండిపోయిన ఇనుప గదుల్లోకే మరింత జనాన్ని రానిచ్చారు. ముందు కంచె, వెనక తోపులాట. ఊపిరాడక 97 మంది లివర్‌పూల్ అభిమానులు ప్రాణాలు కోల్పోయారు. ఏళ్ల తరబడి ఆ నిందను చచ్చిపోయినవాళ్ల మీదికే నెట్టారు. 2016లో విచారణ జ్యూరీ తేల్చింది: అభిమానుల తప్పు లేదు, అవి చట్టవిరుద్ధంగా బలిగొన్న ప్రాణాలు. దుర్ఘటన తర్వాత కంచెలు తీసేశారు.

1974-75 చదివినప్పుడల్లా నాకు కలిగే బాధ ఇదే. టికెట్లు లెక్కపెట్టేటప్పుడు ఆట ఆ జనాన్ని ప్రేమగా చూసింది, స్టాండ్ కట్టేటప్పుడు ప్రమాదంగా చూసింది. కత్తి తెచ్చినవాడు ఉన్నాడు, నిజమే. అతణ్ని పట్టుకోవాల్సింది చట్టం. కానీ ఆ సీజన్‌లో ఓల్డ్ ట్రాఫర్డ్‌కు వారం వారం వచ్చిన 48 వేల మందిలో ఎక్కువమంది చేసింది ఒక్కటే. పడిపోయిన జట్టు చేయి వదల్లేదు. చలిలో, వానలో, మిల్‌వాల్‌తోనూ ఓరియెంట్‌తోనూ ఆడే రోజుల్లో వచ్చి నిలబడ్డారు. రెండో డివిజన్‌ను గొప్పగా చేసింది వాళ్లే. అలాంటి మనుషులకు ఆట బదులివ్వాల్సింది ఇనుప గది కాదు, నిలబడి ఊపిరి పీల్చుకునే చోటు.

(వచ్చే సంచికలో: పదహారో స్థానం నుంచి యూరప్ శిఖరం దాకా బ్రయాన్ క్లఫ్, నాటింగ్‌హామ్ ఫారెస్ట్ ప్రయాణం)